బొచ్చె ఎంత తూగింది?

హిందూపురంలో రైలెక్కి ధర్మవరంలో దిగేలోపు కిటికీలోంచి చెరువుల్లో నీళ్లు కనిపించాయంటే ఆ ఏడు మంచి ఏడని లెక్క. చాలా ఏళ్లు కనిపించవు. గుండ్రాళ్ల గుట్టలు, కంపచెట్లు, చెనిక్కాయ చేలు, ఎండిన చెరువు నడుమ మేసే గొర్రెల మందలు. ఈ దారి మామూలుగా ఇలాగే ఉంటుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద బరువు దించుకుని వస్తాయి. ఈశాన్యపు మేఘాలు కోస్తాలో కురిసి, ఇక్కడికి చేరేసరికి ఉత్తచేతులతో మిగులుతాయి. అటూ ఇటూ కాని నేల ఇది. అలాంటిచోట గాలం వేసేవాళ్లు ఉంటారంటే నమ్మడం కష్టం. ఉన్నారు. మొన్న కార్తీకంలో, చెరువులు నిండిన ఏడు, వాళ్ల కోసమే ఈ దారిన వెళ్లాను.

సముద్రం ఇక్కడికి చాలా దూరం. కానీ పెన్న పుణ్యమా అని చుట్టరికం ఉంది. నందికొండల్లో పుట్టిన పెన్న ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టేది హిందూపురం వైపు నుంచే. 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కోస్తాలో ఏటి మొగల దగ్గర సాయంత్రంపూట ఇసుక మీద నిలబడి గాలం విసిరేవాళ్ల ఆశంతా పండుగప్ప మీద. అది ఉప్పునీళ్లలో గుడ్లు పెట్టి, మంచినీళ్లలో పెరిగే చేప. పిల్లలుగా ఏరు ఎక్కి వస్తుంది. ఎంత ఎక్కినా సోమశిల ఆనకట్ట దగ్గర ఆగాల్సిందే. ఒకే నదికి ఆ కొసన పండుగప్ప, ఈ కొసన ఇసుక. ఇక్కడ గాలం వేయాలంటే నది ఒడ్డుకు వెళ్లి లాభం లేదు. చెరువు కట్ట ఎక్కాలి.

మొదటి కట్ట లేపాక్షిలో ఎక్కాను. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. వచ్చినవాళ్లంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, రాతి నంది ముందు ఫొటో దిగి, చీకటి పడకముందే బెంగళూరు దారి పడతారు. చెరువు వైపు వచ్చేది గొర్రెలవాళ్లూ, బడి వదిలాక పిల్లలూ. ముగ్గురు కుర్రాళ్లు అప్పటికే కట్ట కింద నీళ్ల అంచున కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో వెదురు కర్ర. దాని కొసకు తంగూసు. పాత హవాయి చెప్పులోంచి గుండ్రంగా కోసిన ముక్కే బెండు. ఎరకు గోధుమపిండి ముద్ద, బడి పుస్తకంలోంచి చించిన కాయితంలో చుట్టి.

"యాడనుంచి వచ్చినావన్నా?"

"హైదరాబాదు."

"ఆడ చాపలు ల్యావా?"

నేను జవాబు వెతుక్కునేలోపు బెండు మునిగింది. వాడు మణికట్టు చిన్నగా ఎగరేశాడు. అరచెయ్యంత జిలేబి గాల్లో తిరిగి గడ్డిలో పడింది. వీపు ముళ్లు గుచ్చుకోకుండా తల వైపు నుంచి అరచేత్తో నిమురుకుంటూ పట్టుకుని, కొక్కెం విప్పి, సత్తు క్యారియర్‌లో వేశాడు. అందులో అప్పటికే ఇలాంటివి పది దాకా ఉన్నాయి. ఏదీ అరచెయ్యి దాటలేదు.

జిలేబి మన చేప కాదు. పుట్టిల్లు ఆఫ్రికా. 1952లో మన దేశానికి తెచ్చారు. నేలబారు నీళ్లలోనూ, మురికి నీళ్లలోనూ బతుకుతుంది కదా, పేదలకు చవకగా మాంసకృత్తులు అందుతాయన్నది అప్పటి ఆలోచన. బతకడం మరీ బాగా నేర్చింది. దాని సంసారం చూడాలంటే నీళ్లు కొద్దిగా వెనక్కి తగ్గిన చెరువు అంచుకు వెళ్లాలి. లేపాక్షిలో కుర్రాళ్ల కాళ్ల దగ్గరే, తడి ఆరని బురదలో, భోజనం పళ్లెమంత వెడల్పు గుంటలు వరసగా కనిపించాయి. ఎవరో కొలిచి తవ్వినట్టు అన్నీ ఒకే తీరు గుండ్రం. అవి మగ జిలేబీలు నోటితో, తోకతో తవ్విన గూళ్లు. ఆడది అక్కడ గుడ్లు పెట్టి, వెంటనే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలు ఈదడం నేర్చేదాకా అక్కడే కాపాడుతుంది. ఆ రోజుల్లో తల్లికి తిండి దాదాపు ఉండదు. పుట్టిన పిల్ల రెండుమూడు నెలల వయసుకే, ఒళ్లు పెరగకముందే, తనూ పిల్లల్ని కనడానికి సిద్ధమవుతుంది. అందుకే చెరువు నిండా జిలేబీలే ఉంటాయి, ఏదీ పెద్దది ఉండదు.

చెరువులో నీళ్లు ఆరు నెలలే నిలిచినా జిలేబికి చాలు. అంతలోనే రెండు మూడు కాన్పులైనా అయిపోతాయి. ఆ కుర్రాళ్లకు ఈ లెక్కలు తెలియవు. కానీ ఏ గుంటల మీద బెండు నిలిపితే తొందరగా మునుగుతుందో తెలుసు.

మర్నాడు సోమందేపల్లి మీదుగా పెనుకొండ చేరాను. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక తిరుమల దేవరాయలు హంపీ వదిలి రాజధాని పెట్టుకున్న ఊరిది. గగన్ మహల్, కొండ మీద కోట, బాబయ్య దర్గా అందరూ చూస్తారు, నేనూ చూశాను. నన్ను ఇక్కడికి రప్పించింది మాత్రం రాజుల కథల కన్నా ఒక నీళ్ల కథ. 1388 నాటి శాసనమొకటి గౌరీబిదనూరు ప్రాంతంలో దొరికింది. విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు, పెన్న నీళ్లను పెనుకొండకు తెమ్మని సింగయభట్టును ఆదేశించాడట. సింగయభట్టు జలసూత్రం తెలిసినవాడు, పది విద్యల్లో దిట్ట. ఆయన సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి రాకుమారుడి పేరే పెట్టాడు. యుద్ధం గెలిచినందుకో, గుడి కట్టించినందుకో శాసనం వేయించుకోవడం మామూలే. ఈ నేలలో కాలువ పారించినందుకూ, పారించినవాడి పేరు నిలపడానికీ రాయి చెక్కించారు. నీళ్లు ఎంత అపురూపమో అంతకన్నా ఎవరు చెప్పాలి!

పెనుకొండ కొండ కింద భోగసముద్రం ఉంది. పేరులో సముద్రం ఉన్నా అది చెరువే. మన రాజులు ప్రతి పెద్ద చెరువునూ సముద్రమనో, సాగరమనో పిలుచుకున్నారు. సాయంత్రం కట్ట మీద ఒక పెద్దాయన ఒంటరిగా దొరికాడు. నడుముకు సంచి, చేతిలో మందపాటి తంగూసు, ఎరకు చిన్న కప్ప. ఆ ఎరను చూడగానే ఆయన దేని కోసం వచ్చాడో అర్థమైంది. కొర్రమీను.

"మాట్లాడొద్దు సామీ. ఆ జంబు పక్కన సూడు," అన్నాడు. చూశాను. జంబు మొదళ్ల దగ్గర నీళ్లు 'గుబుక్' మని లేచి మళ్లీ సద్దుమణిగాయి. కొర్రమీనుకు చెరువు నీళ్లలో ఉన్న గాలి చాలదు. పైకి వచ్చి నోటితో గాలి పీల్చుకుని పోవాలి. పైకి రానివ్వకుండా వలలో బిగిస్తే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ గుణమే దాన్ని కరువులో కాపాడేది. చెరువు ఎండుతుంటే అడుగు బురదలోకి దూరి, ఒంటికి తడి తగిలినంత కాలం గాలి పీలుస్తూ ఓర్చుకుంటుంది. ఎండిన చెరువులో పూడిక తీసేవాళ్లకు పారకు తగిలే చేప ఇదే. వానలు పడి నీళ్లు చేరగానే ఏమీ జరగనట్టు బయటికి వస్తుంది.

పెద్దాయన కప్పను జంబు అంచు దాకా విసిరి, నీళ్ల మీద అది గెంతుతున్నట్టు ఆగి ఆగి లాక్కుంటున్నాడు. ఓ చోట ఆపేశాడు. అక్కడ నీళ్ల మీద ఎర్రటి ముద్దలాంటిది కదులుతోంది. కొర్రమీను పిల్లల గుంపు. వందల పిల్లలు ఒకే ముద్దగా తిరుగుతుంటాయి. వాటి కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. పిల్లల మీదికి ఎర వేస్తే కోపంతో వచ్చి తప్పకుండా కరుస్తుంది. గాలం వేసేవాళ్లందరికీ ఈ కిటుకు తెలుసు.

"ఎయ్యవా తాతా?"

"పిల్లల తల్లిని పట్టుకుంటే ఆ పిల్లల్నంతా జిలేబీలు తింటాయి. రేపటేడు ఏం పట్టుకోవాల?"

తంగూసు చుట్టేసి నాలుగడుగులు అవతలికి వెళ్లాడు. ఆ సాయంత్రం ఆయనకేం తగల్లేదు. తగిలితే కిలో మీద మంచి ధరే. కొర్రమీనును చావకుండా బిందెలో తీసుకెళ్లి అమ్ముకోవచ్చు. ఆ మాట అడిగితే, "అమ్మేదేముంది సామీ, దొరికితే ఇంటికే," అన్నాడు.

పెనుకొండకు దగ్గర్లోనే గొల్లపల్లి జలాశయం ఉంది. అక్కడికి వెళితే ఇంకో లోకం. శ్రీశైలం వెనక జలాల్లోంచి మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు, హంద్రీ-నీవా కాలువలో మెట్టు మెట్టుగా ఎక్కి, 2016 డిసెంబరులో ఇక్కడికి చేరాయి. ఎర్రమంచి దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీకి నీళ్లు ఇక్కడివే. హిందూపురం కొళాయిలకు పోయేవీ ఇవే. సింగయభట్టు నది నీళ్లను పల్లానికి నడిపించి తెచ్చాడు. ఇప్పటివాళ్లు వేరే నదిని కరెంటు పెట్టి కొండెక్కించి తెచ్చారు. ఆరు వందల ఏళ్లు దాటినా ఈ ఊరి అవసరం మాత్రం మారలేదు. కాలువ కొత్తదైనా గాలం కర్రలు అప్పుడే చేరాయి. ఏటా ఎంతో కొంత కాలువ నీళ్లు వచ్చేచోట చేపల మీద ఆశలు కూడా పెద్దవే. అక్కడ కర్రలకు బదులు రీళ్లు కనిపించాయి.

ధర్మవరం చేరేసరికి పొద్దు వాలుతోంది. పట్టుచీరల ఊరు. వీధిలో నడుస్తుంటే ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు, మధ్యలో మరమగ్గాల రొద. ఊరి పక్కనే పెద్ద చెరువు. క్రియాశక్తి ఒడెయరు కట్టించాడనీ, ఆయన తల్లి ధర్మాంబ పేరే ఊరికి వచ్చిందనీ చెప్పుకుంటారు. దీనికి నీళ్లిచ్చేది చిత్రావతి. అదీ పెన్న లాగే నందికొండల వైపు పుట్టి, బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా వచ్చి, కడప జిల్లాలో పెన్నలోనే కలుస్తుంది. ఏళ్ల తరబడి ఇసుకగా పడి ఉండే ఈ ఏరు 2021 నవంబరులో ఒక్కసారిగా విరుచుకుపడింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర వరదలో చిక్కి, జేసీబీ మీద నిలబడ్డ పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడింది. కరువుకు పెట్టింది పేరైన చోట వరద సహాయానికి హెలికాప్టరు!

కట్ట మీద పది పన్నెండు మంది ఉన్నారు. ఎక్కువమంది మగ్గం పనివాళ్లే. నేను కూర్చున్నది యాభై ఏళ్లు దాటిన ఒక నేతన్న పక్కన. ఆయన కొక్కేలు కడుతున్నాడు. మగ్గం మీద పాత అచ్చు అయిపోయాక కొత్త అచ్చు పోగుల్ని దానికి ఒక్కొక్కటిగా మెలేసి అతుకుతారు. వేలకు వేల పోగులు. ఆ చేతులకు తంగూసు ముడి ఓ లెక్కా? బొటనవేలు, చూపుడువేలు రెండూ ఒకసారి రాసుకున్నాయి, ముడి పడింది. వేళ్ల వైపు ఆయన చూడను కూడా లేదు. నీళ్లనే చూస్తున్నాడు.

"ఏం పడతాయన్నా ఈడ?"

"బొచ్చెలు. నిరుడు సంఘమోళ్లు పిల్లల్ని వదిలినారు. నిరుటి నీళ్లు ఎండకాలంలో కూడా అడుగంటలా. ఇప్పుడు కేజీకి తక్కువుండవు."

ఎర ముద్ద చూపించాడు. చెనిక్కాయ చెక్క నానబెట్టి, వేయించిన తవుడు, కాస్త మైదా కలిపి పిసికిన ముద్ద. చెనిక్కాయలు పండే నేలలో చేపకు కూడా చెనిక్కాయే. ఒక స్ప్రింగు చుట్టూ ఆ ముద్దను నిమ్మకాయంత అదిమి, నాలుగు కొక్కేలను ముద్దలోనే గుచ్చాడు. బొచ్చె కొరికి తినే చేప కాదు. పెద్ద తల, పైకి తిరిగిన నోరు. నీళ్లలో తేలే నలుసుల్ని నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. ముద్ద కరుగుతుంటే ఆ వాసనకు వచ్చి పొడిని పీలుస్తుంది, పొడితో పాటు కొక్కెమూ నోట్లోకి పోతుంది. అందుకే ముద్ద మరీ గట్టిగా ఉండకూడదు, విసిరినప్పుడు విడిపోనూకూడదు. ఆ పాకం చేతికి తెలియాలి.

విసిరి, తంగూసును చీలిన పుల్ల మీద ఆనించి, దానికి చిన్న మువ్వ తగిలించాడు. ఇక మువ్వ మోగేదాకా మాట్లాడుకోవచ్చు. ఈ జిల్లాలో పెద్ద చెరువుల చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకు లీజు మీద ఉంటుంది. గాలంతో ఒకటీ రెండూ పట్టుకునేవాళ్లను ఎవరూ పట్టించుకోరట, వల తెస్తే మాత్రం తగువే. మగ్గం పని గురించి అడిగాను. కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తుందన్నాడు. ఇక్కడా కూర్చునే పనే కదా అంటే, "ఈడ కాళ్లు ఆడించే పని లేదు కదన్నా," అని నవ్వాడు.

చెరువులో బొచ్చె దానంతటది పుట్టదు. శీలావతి, మోసు కూడా అంతే. వాటికి వానాకాలపు వరద నది కావాలి, పారే నీళ్లు కావాలి. నిలవ నీళ్లలో పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు. ఒకప్పుడు వరద నదుల్లో గుడ్లనూ పిల్లల్నీ వడగట్టి, కుండల్లో పోసి, రైళ్ల మీద దూరప్రాంతాల చెరువులకు పంపేవారు. దారిలో ఎన్ని చచ్చేవో. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి, చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, నది లేకుండానే వీటి జాతి చేపలచేత గుడ్లు పెట్టించారు. ఇప్పుడు దేశమంతా ఆ తేదీనే చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటుంది. చేప పిల్లల్ని పొదిగే కేంద్రాలన్నీ ఆ సూది నుంచి పుట్టినవే. ధర్మవరం చెరువులో మువ్వ మోగించే బొచ్చెకు తల్లి ఎక్కడో సిమెంటు తొట్టిలో ఉంటుంది.

మూడు కట్టల మీద చూసిన మూడు చేపలూ నాకు అప్పుడు వరస కట్టాయి. జిలేబి తొందరపడుతుంది, నీళ్లు పోయేలోపు పిల్లల్ని కనేస్తుంది. కొర్రమీను ఓర్చుకుంటుంది, నీళ్లు లేకపోయినా బురదలో గడుపుతుంది. బొచ్చెకు ఈ రెండూ చేతకావు. దాన్ని ఎవరో ఒకరు తెచ్చి వేయాలి, ఎవరో కట్టిన కట్ట నీళ్లను ఏడాదిపాటు ఆపాలి. మంచి చెరువులో బొచ్చె ఏడాదికి కిలో దాకా పెరుగుతుంది. అంటే బొచ్చె బరువు చూసి నీళ్ల వయసు చెప్పవచ్చు. అరకిలో బొచ్చె ఉన్న చెరువు ఈ మధ్య నిండింది. రెండు కిలోల బొచ్చె ఉన్న చెరువు రెండు ఎండకాలాలు ఎండకుండా దాటింది. ఐదు కిలోలది దొరికితే ఆ చెరువు కింది రైతులకు వరసగా మంచి ఏళ్లు నడిచాయన్నమాటే.

మువ్వ మోగింది. ఆయన లేవలేదు. ఒక చేత్తో తంగూసు అందుకుని, రెండో చేతిని గాల్లో ఆపి, ఇంకోసారి మోగనిచ్చాడు. అప్పుడు లాగాడు. తంగూసు నీళ్లను కోసుకుంటూ పక్కకు పరిగెత్తింది. లాగుతూ వదులుతూ, వేళ్ల మధ్య జారనిస్తూ, మళ్లీ బిగిస్తూ కొంతసేపు నడిచింది ఆ వ్యవహారం. పట్టు పోగు తెగకుండా నేసే మనిషికి ఎంత లాగాలో, ఎక్కడ వదలాలో ఒకరు నేర్పాలా? కట్ట రాళ్ల దగ్గరికి వచ్చాక పక్కాయన దిగి రెండు చేతులతో ఎత్తాడు. వెడల్పాటి తల, వీపు మీద పెద్ద పెద్ద బూడిదరంగు పొలుసులు. జేబులోంచి స్ప్రింగు కాటా తీసి దవడకు తగిలించారు. ఒక కిలో రెండు వందల గ్రాములు. "సెప్పలా!" అన్నాడు నేతన్న నా వైపు తిరిగి.

కట్ట చివర చేపలమ్మే ఆమె మాత్రం విసుగ్గా ఉంది. కార్తీకం కదా, సగం ఊరు నీచు ముట్టడం లేదు. ధర తగ్గించినా అడిగేవాళ్లు లేరు. నేతన్న ఇంట్లోనూ భార్యకు నోము. అయినా ఇద్దరు కొడుకులున్నారు, వాళ్లకు పట్టింపు లేదట. రాత్రికి నన్నూ రమ్మన్నాడు. బయట అరుగు మీద వేరే పొయ్యి పెట్టి, కొడుకులే వండారు. చింతపండు హిందూపురం మార్కెట్టుది, పులుపు నాలుక కొసన నిలుస్తుంది. మెంతులు, ఎండుమిర్చి, వెల్లుల్లి నూరి వేసిన పులుసు ఎర్రగా చిక్కబడ్డాక ముక్కలు వేశారు. గరిటె పెట్టలేదు, గిన్నె పట్టుకుని తిప్పారు. వేడి రాగి సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుని తిన్నాం. ఆయన భార్య గడపలో కూర్చుని, చాలిందా, ఇంకొంచెం వెయ్యమంటారా అని అడుగుతూనే ఉంది. తాను మాత్రం పాలు తాగి ముగించింది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి జనవరి దాకా, ఎప్పుడైనా రండి. హిందూపురం నుంచి ధర్మవరం రైల్లో రెండు గంటల ప్రయాణం కూడా కాదు. లేపాక్షి స్తంభమూ, గగన్ మహలూ చూడండి, చూడదగ్గవే. సాయంత్రానికి మాత్రం ఏదో ఒక కట్ట ఎక్కండి. ఆ ఊరు ఎలా ఉందో తెలుసుకోవడానికి వర్షపాతం లెక్కలు తిరగేయనక్కర్లేదు, నాయకుల ఉపన్యాసాలు వినక్కర్లేదు. గాలం వేస్తున్న మనిషి పక్కన కూర్చుని, ఈసారి బొచ్చె ఎంత తూగుతోందని అడగండి. "ఈడ బొచ్చెలెక్కడివి, జిలేబీలే" అన్నాడంటే, ఆ ఊళ్లో వచ్చే ఎండాకాలానికి బిందెలు ఎక్కడ బారులు తీరతాయో కూడా అతన్నే అడగండి. చెప్తాడు.